పడమటి కిటికీకి తెలివి నేర్పడం: వేడి ఊళ్ళలో కరెంటు ఆదాకు సమగ్ర మార్గదర్శి

మే నెలలో సాయంత్రం నాలుగింటికి మా పెద్ద బెడ్‌రూమ్‌లోకి అడుగు పెడితే పొయ్యి ముందు నిలబడినట్టే ఉండేది. విజయవాడ శివారులో మాది రెండంతస్తుల ఇల్లు. వాస్తు ప్రకారం యజమాని పడకగది నైరుతిలో ఉండాలన్నారు, ఉంచాం. నైరుతి అంటే పడమటి ఎండ తప్పదని మాత్రం ఎవరూ చెప్పలేదు. మన ఇళ్ళలో చాలావాటిది ఇదే కథ. ఏసీ ఎక్కువగా నడిచే గది, ఎండ ఎక్కువగా తినే గది రెండూ ఒకటే.

ఆ బాధలో ఉన్నప్పుడు 'స్మార్ట్ గ్లాస్' అనే మాట చెవిన పడింది. షాపతను స్విచ్ నొక్కగానే అద్దం పాలు పోసినట్టు తెల్లబడింది. "ఇక ఎండ లోపలికి రాదు సార్" అన్నాడు. నమ్మి ఫిల్మ్ వేయించుకున్నాను. వేసవి వచ్చాక చూస్తే గది తెల్లగా ఉంది, వేడి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పైగా కరెంటు పోయినప్పుడల్లా బయటేముందో కనిపించేది కాదు. ఎందుకలా జరిగిందో తర్వాత చెబుతాను. ఆ దెబ్బ తిన్నాకే కూర్చుని కిటికీల సంగతి మొదటి నుంచి నేర్చుకున్నాను. ఎండ ఎప్పుడు రావాలో, ఎప్పుడు ఆగాలో మన చేతిలో ఉంటే నా లెక్కలో అది స్మార్ట్ కిటికీయే, అందుకు వాడింది గ్రీన్ నెట్ ముక్కే అయినా సరే. కాబట్టి చవకైన పనులతో మొదలుపెట్టి ఖరీదైన అద్దాల దాకా వెళ్దాం. ఈ వరస తిప్పేస్తే డబ్బు పోతుంది. నాకు పోయింది.

## మొదటి అడుగు: దొంగ కిటికీని పట్టుకోండి

ఇంట్లో కిటికీలన్నీ ఒకేలా వేడి తేవు. ఒక ఆదివారం కాగితం, పెన్ను తీసుకుని ఇల్లంతా తిరగండి. ఫోన్లో దిక్సూచి ఉంటుంది. ఒక్కో కిటికీకి దిక్కు, పొడవు, వెడల్పు, నేరుగా ఎండ ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా పడుతోందో రాయండి. ఈ పని ఏప్రిల్‌లోనో మేలోనో చేయాలి. డిసెంబరులో చేస్తే లెక్క తారుమారవుతుంది.

ఎందుకంటే సూర్యుడి దారి కాలాన్ని బట్టి మారుతుంది. హైదరాబాద్, విజయవాడల్లో మే మొదటి పది రోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఈ రెండు రోజుల మధ్య మూడు నెలలూ సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగానే నడుస్తాడు. దక్షిణపు కిటికీ అంటే అందరికీ భయం కానీ, మే చివర్లో దాని మీద నేరుగా ఎండే పడదు. మార్చి, ఏప్రిల్‌లో పడే ఎండను పైనున్న సజ్జా చాలావరకు ఆపేస్తుంది. చలికాలంలో అదే కిటికీలోంచి కిందిగా వచ్చే ఎండ హాయిగానే ఉంటుంది. జూన్‌లో ఉత్తరపు కిటికీకి పొద్దున, సాయంత్రం కాస్త ఏటవాలు ఎండ తగులుతుంది, అంతే.

అసలు దొంగలు తూర్పు, పడమర కిటికీలు. వాటికి ఎండ పైనుంచి రాదు, ఎదురుగా వస్తుంది. తూర్పు కిటికీది కొంత నయం, ఆ వేళకి ఇల్లు ఇంకా చల్లగానే ఉంటుంది. పడమటిది అప్పటికే కాలిన ఇంటి మీద ఇంకో నిప్పు వేస్తుంది.

సజ్జా ఉందిగా అంటారు. మా మేస్త్రి కూడా అదే అన్నాడు. లెక్క చూడండి. మే నెలలో సాయంత్రం నాలుగింటికి మన ప్రాంతంలో సూర్యుడు దిగంతం నుంచి సుమారు 35 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండడుగుల సజ్జా అప్పుడు కిందికి వేసే నీడ అడుగున్నర కూడా ఉండదు. నాలుగడుగుల కిటికీలో మిగతా రెండున్నర అడుగులు ఎండకు బార్లా తెరిచినట్టే. ఐదింటికి సూర్యుడు 20 డిగ్రీల దగ్గరికి దిగేసరికి ఆ నీడ అడుగు లోపే. సజ్జా వానకు పనికొస్తుంది, దక్షిణపు ఎండకు పనికొస్తుంది, పడమటి ఎండకు మాత్రం ఏ మూలకూ సరిపోదు.

వీలైతే దూరం నుంచే వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఒకటి కొనండి, ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకున్నా చాలు. సాయంత్రం ఐదింటికి కిటికీ గట్టు మీది బండకీ, పక్క గోడకీ, పైకప్పుకీ గురిపెట్టి అంకెలు రాసుకోండి. పై అంతస్తులో ఉండి పైకప్పే అన్నిటికంటే ఎక్కువ కాలుతుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు డాబాకి తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. నెత్తి మీద నిప్పు పెట్టుకుని కిటికీలు మార్చి లాభం లేదు.

## రెండో అడుగు: వేడిని వాట్లలో లెక్కకట్టండి

సూత్రం చాలా చిన్నది: అద్దం వైశాల్యం × ఎండ బలం × అద్దం లోపలికి వదిలే వాటా. ఈ మూడోదాన్నే అద్దాల వాళ్ళు ఎస్‌హెచ్‌జీసీ అంటారు. 0.8 అంటే నూటికి ఎనభై వంతుల సూర్యవేడి ఇంట్లోకి వస్తుందని. మామూలు తెల్లద్దానికి ఇది సుమారు 0.8.

నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న కిటికీ దాదాపు ఒకటిన్నర చదరపు మీటరు. వేసవి సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు 600 వాట్ల ఎండ పడుతుందనుకోండి. 1.5 × 600 × 0.8 అంటే 720 వాట్లు. ఒక ఇస్త్రీ పెట్టెను ఆన్ చేసి గది మధ్యలో వదిలేసినట్టు! అలాంటి కిటికీలు మూడుంటే రెండు వేల వాట్లు దాటుతుంది. ఒక టన్ను ఏసీ బయటికి తోడగలిగేది సుమారు 3,500 వాట్ల వేడి. అంటే ఏసీలో సగానికి పైగా శక్తి ఈ కిటికీలకే చాకిరీ చేస్తోంది.

ఇప్పుడు దీన్ని యూనిట్లలోకి మార్చుదాం, వెయ్యి వాట్లు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా సగటున 450 వాట్ల ఎండ అనుకుంటే ఒక కిటికీ రోజుకు రెండు యూనిట్లకు కాస్త ఎక్కువ వేడిని లోపలికి తెస్తుంది. ఒక యూనిట్ కరెంటుతో మూడున్నర యూనిట్ల వేడిని తోడే ఏసీ అయితే రోజుకు 0.6 యూనిట్ ఖర్చు. రెండు కిటికీలకు 1.2. మూడు నెలల వేసవికి 110 యూనిట్ల దాకా. యూనిట్ ఎనిమిది రూపాయలు అనుకుంటే దాదాపు తొమ్మిది వందలు.

ఇంతేనా అనిపించింది కదా? నాకూ అనిపించింది. కానీ ఈ అంకెను గుర్తుంచుకోండి. అద్దాల షాపులో "కరెంటు బిల్లు సగానికి తగ్గుతుంది" అన్నప్పుడు మిమ్మల్ని కాపాడేది ఇదే. ఎవరైనా ఒక వస్తువు అమ్మితే అది ఈ తొమ్మిది వందల్లో ఎంత మిగులుస్తుందో చూడండి. తలుపు సందులు, గోడలు, పైకప్పు, వంటిల్లు తెచ్చే వేడి వేరే.

మధ్యాహ్నం మేం ఏసీ వేయం కదా అంటారా? ఆ వేడి ఎక్కడికీ పోదు. మంచం, పరుపు, నేల, గోడలు దాన్ని పీల్చుకుని రాత్రి పదింటికి మీరు ఏసీ వేశాక తిరిగి వదులుతాయి. బిల్లు అప్పుడు పడుతుంది. స్లాబుల సంగతి కూడా ఉంది. తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. 195 దగ్గర ఆగే ఇంటికీ 215 దగ్గర ఆగే ఇంటికీ తేడా ఇరవై యూనిట్లే అయినా చేతి నుంచి పోయే డబ్బు తేడా చాలా ఎక్కువ. అలాంటి ఇంటికి రెండు పడమటి కిటికీలే ఆ గీత దాటించవచ్చు.

## మూడో అడుగు: ఎండను అద్దానికి బయటే ఆపండి

మొత్తం వ్యాసంలో నేను ఒక్క పనే చేయమని ఒట్టు వేయించుకోవాల్సి వస్తే, ఇదే.

చాలామంది చేసేది లోపల మందపాటి కర్టెన్ వేయడం. గది చీకటవుతుంది కాబట్టి చల్లబడిందనుకుంటాం. జరిగేది వేరు. ఎండ అద్దం దాటి వచ్చి కర్టెన్‌ను తాకుతుంది, కర్టెన్ వేడెక్కుతుంది. వేడెక్కిన గుడ్డ నుంచి వెలువడే వేడి తరంగాలను అద్దం మళ్ళీ బయటికి పోనివ్వదు. ఎండలో అద్దాలు ఎత్తేసి పెట్టిన కారు ఎలా ఉడుకుతుందో అలాగే కర్టెన్‌కీ అద్దానికీ మధ్య గాలి ఉడికి గదిలోకి దొర్లుతుంది. కర్టెన్‌కు అద్దం వైపు తెల్లటి గుడ్డ కుట్టిస్తే కొంత వెలుగు తిరిగి బయటికి పోతుంది, కొంచెం మేలు. అదే తెరను కిటికీకి బయట కడితే వేడెక్కేది బయటే, ఆ వేడిని గాలి ఎత్తుకుపోతుంది.

మన అమ్మమ్మలకు ఇది తెలుసు. వరండాకు వెదురు తెరలు, వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చిలకరించేవాళ్ళు. ఆ వట్టివేళ్ళ వాసన తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. హైదరాబాద్ లాంటి పొడి ఎండల్లో తడిపిన తడిక గాలిని నిజంగానే చల్లబరుస్తుంది. మా కృష్ణా తీరంలో మేలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి తడపడం వల్ల అంత లాభం ఉండదు, పొడి తెర చాలు.

ఇప్పుడు చేయదగినవి, నా ఇష్టాన్ని బట్టి వరసగా:

గ్రీన్ షేడ్ నెట్. నర్సరీ సామాన్ల దుకాణాల్లో 50, 75, 90 శాతం నీడ అని రకాలుంటాయి. పడమటి కిటికీకి 75 బాగుంటుంది, 90 అయితే లోపల లైటు వేసుకోవాల్సి వస్తుంది. అద్దానికి అంటించినట్టు కాకుండా కనీసం జానెడు ఎడం ఉంచండి, ఆ సందులో గాలి ఆడాలి. నాలుగు మూలలా ఐలెట్లు కొట్టించి జీఐ తీగతో బిగించాలి. వేసవి సాయంత్రపు ఈదురుగాలులు వదులుగా ఉన్న నెట్‌ను ఒక్క దెబ్బకు పీకేస్తాయి. ఆకుపచ్చ రంగు నచ్చకపోతే నలుపు, లేత గోధుమ రంగుల్లోనూ దొరుకుతుంది.

వెదురు తెర. చూడ్డానికి బాగుంటుంది, చుట్టి పైకి కట్టేయవచ్చు. వానలో తడవకుండా చూసుకుంటే కొన్నేళ్ళు వస్తుంది. మేం ఇప్పుడు వాడేది ఇదే.

బయట బిగించే రోలర్ బ్లైండ్లు, కదిలే అల్యూమినియం లూవర్లు. ఖర్చు ఎక్కువే, కానీ మోటారు పెట్టవచ్చు. దీని గురించి టైమ్‌టేబుల్ దగ్గర మళ్ళీ చెబుతాను.

పాదులు. కింది అంతస్తు అయితే కిటికీకి ఎదురుగా పందిరి వేసి దొండ, కాకర, రాధామనోహరం ఏదైనా పాకించండి. స్థలం ఉంటే పడమటి వైపు వేప, కానుగ. చెట్టు ఎదిగే దాకా నెట్ ఎలాగూ ఉంటుంది.

అపార్ట్‌మెంట్ అయితే ఎలివేషన్ పాడవుతుందని అసోసియేషన్ అడ్డం చెప్పవచ్చు. అప్పుడు ఒక్కరే పోట్లాడకుండా పడమటి వైపు ఫ్లాట్ల వాళ్ళంతా కలిసి ఒకే రంగు, ఒకే రకం తెరకు అనుమతి అడగండి. మా బావమరిది వాళ్ళు అలాగే సాధించారు, మూడు మీటింగులు పట్టిందనుకోండి.

నీడ సరిగ్గా పడితే ఎండలో 75–80 శాతం బయటే ఆగిపోతుంది. మన తొమ్మిది వందల లెక్కలో ఏడు వందలు మిగిలినట్టు. నెట్ ఖర్చు ఒక్క వేసవిలో తిరిగొస్తుంది. మిగతా అడుగులన్నీ, బయట నీడ కట్టడం కుదరని కిటికీల కోసం.

## నాలుగో అడుగు: అద్దం మార్చేటప్పుడు అడగాల్సిన అంకెలు

కొత్తగా ఇల్లు కడుతున్నా, పాత కిటికీలు మారుస్తున్నా అద్దం గురించి మూడు అంకెలు అడగాలి. మొదటిది ఇందాక చెప్పుకున్న ఎస్‌హెచ్‌జీసీ. రెండోది వీఎల్‌టీ, అంటే లోపలికి వచ్చే వెలుతురు శాతం. మూడోది యూ విలువ, అంటే బయటి గాలి వేడి అద్దం గుండా ఎంత తేలిగ్గా పాకుతుందో చెప్పేది.

షాపుల్లో ఎక్కువగా గొప్ప చెప్పేది ఈ మూడోదాన్నే, డబుల్ గ్లేజింగ్ పేరుతో. చలి దేశాల్లో అది ప్రాణం నిలబెడుతుంది. మన దగ్గర లెక్క చూడండి. బయట 42 డిగ్రీలు, లోపల 26. తేడా 16. మామూలు ఒంటి అద్దం యూ విలువ సుమారు 5.7. మన ఒకటిన్నర చదరపు మీటరు కిటికీ గుండా అలా పాకే వేడి 137 వాట్లు. పూత లేని రెండద్దాల కిటికీ పెడితే అది 67కి తగ్గుతుంది. అంటే మిగిలింది 70 వాట్లు. అదే కిటికీలోంచి ఎండ రూపంలో వచ్చేది 720 వాట్లు! ఆ రెండు తెల్లద్దాల ఎస్‌హెచ్‌జీసీ ఇంకా 0.7 దగ్గరే ఉంటుంది కాబట్టి ఎండ వేడి పెద్దగా తగ్గదు. మన ఊళ్ళలో ముందు అడగాల్సింది ఎస్‌హెచ్‌జీసీ, ఆ తర్వాతే మిగతావి. రోడ్డు గోల తగ్గాలంటే మాత్రం డబుల్ గ్లేజింగ్ మంచిదే.

సూర్యుడి శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. దాన్ని తిప్పికొట్టి వెలుతురును మాత్రం రానిచ్చే సన్నటి వెండి పూత ఉన్న అద్దాలే సోలార్ కంట్రోల్ లో-ఈ అద్దాలు. వీటిలో ఎస్‌హెచ్‌జీసీ 0.25–0.3 ఉండి వీఎల్‌టీ 40–50 శాతం ఉన్నవి దొరుకుతాయి. ఇక్కడ ఒక చిన్న కిటుకు: వీఎల్‌టీని ఎస్‌హెచ్‌జీసీతో భాగించండి. 0.45ని 0.28తో భాగిస్తే 1.6. ఇది ఒకటి కంటే ఎంత ఎక్కువైతే అద్దం అంత తెలివైనది. ఒకటి కంటే తక్కువైతే అది వేడికంటే వెలుతురునే ఎక్కువ ఆపుతోంది, అంటే చీకటి కొనుక్కుంటున్నారు.

మెత్తటి వెండి పూత గాలి తగిలితే పాడవుతుంది. అందుకని దాన్ని రెండద్దాల మధ్య మూసి పెడతారు, వేడి దేశాల్లో బయటి అద్దం లోపలి ముఖం మీద. బిగించేవాళ్ళు తిరగేసి పెట్టకుండా దగ్గరుండి చూడండి. అగ్గిపుల్లో ఫోన్ ఫ్లాష్ లైటో అద్దం ముందు పెడితే నాలుగు ప్రతిబింబాలు కనిపిస్తాయి, పూత ఉన్న ముఖంలోది వేరే రంగులో ఉంటుంది. బయటి నుంచి చూస్తే రెండోది రంగు మారాలి.

ఊరికే నల్లరంగు, కంచురంగు అద్దాలు వెలుతురును తాగి తామే వేడెక్కుతాయి, ఆ వేడిలో కొంత గదిలోకి వస్తుంది. సన్ ఫిల్మ్ అంటించేటప్పుడూ జాగ్రత్త. మా పక్కింటాయన పెద్ద అద్దానికి బాగా నల్లటి ఫిల్మ్ వేయించాడు. సగం ఎండ, సగం సజ్జా నీడ పడిన ఒక మధ్యాహ్నం అద్దం మూల నుంచి పగులు తీసింది. ఎండ పడిన భాగం సాగింది, నీడలో ఉన్న అంచు సాగలేదు, అదీ కారణం. టఫెన్ చేయని, అంటే వేడిచేసి గట్టిపరచని అద్దం మీద వేడిని ఎక్కువగా పీల్చే ఫిల్మ్ వద్దు. తిప్పికొట్టే రకం అడగండి, అద్దం పగిలితే ఎవరి పూచీయో బిల్లు మీద రాయించుకోండి.

ఫ్రేము కూడా చూసుకోండి. అల్యూమినియం వేడిని యూపీవీసీ కంటే వెయ్యి రెట్ల దాకా వేగంగా పాకిస్తుంది. మన ఎండకు ఇది ఎస్‌హెచ్‌జీసీ అంత ముఖ్యం కాకపోయినా రెండూ ఒకే ధరకు వస్తుంటే యూపీవీసీయే మేలు. ఇంకోటి, అందరూ మరిచిపోయేది: స్లైడింగ్ కిటికీ ఎంత లాగినా సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీ దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది. రాత్రిగాలి కావాలంటే రెక్కలే. కేంద్రం 2018 డిసెంబరులో ఇళ్ళ కోసం తెచ్చిన 'ఎకో నివాస్ సంహిత' కూడా తెరుచుకునే భాగాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. విజయవాడ లాంటి ఉక్కపోత ఊళ్ళలో అది నేల వైశాల్యంలో ఆరో వంతు, హైదరాబాద్ వాతావరణానికి ఎనిమిదో వంతు ఉండాలంటుంది. కిటికీలు గోడలో 30 శాతంలోపు ఉన్న ఇళ్ళకు అద్దం వీఎల్‌టీ 27 శాతానికి తగ్గకూడదని కూడా అందులో ఉంది. ఆర్కిటెక్ట్‌తో కూర్చున్నప్పుడు ఈ పేరు ఎత్తండి.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి ఈ తిప్పలు లేవు. అక్కడ కొత్త కిటికీ మీదే ఈ అంకెలున్న స్టిక్కర్ ఉంటుంది. కరెంటు ఆదా చేసే వస్తువులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఎనర్జీ స్టార్ గుర్తు రావాలంటే టెక్సస్ లాంటి వేడి ప్రాంతాల్లో ఎస్‌హెచ్‌జీసీ 0.23 దాటకూడదు. మన దగ్గర స్టిక్కర్ కనిపించకపోతే తయారీదారు డేటా షీట్ అడిగి తీసుకోండి. ఇవ్వనివాడి దగ్గర కొనకండి.

## ఐదో అడుగు: అసలు స్మార్ట్ గ్లాస్ సంగతి

ఈ పేరుతో మూడు వేర్వేరు వస్తువులు అమ్ముతారు. నా డబ్బు పోయింది ఈ తేడా తెలియకే.

పీడీఎల్‌సీ. స్విచ్ వేస్తే తేటగా, తీసేస్తే పాలరంగులోకి మారేది. మన మార్కెట్లో ఎక్కువగా దొరికేది ఇదే. ఇందులోని ద్రవ స్ఫటికాల చుక్కలు వెలుతురును చెల్లాచెదురు చేస్తాయి, ఆపవు. చెదిరిన ఎండలో ఎక్కువ భాగం ముందుకే, అంటే మీ గదిలోకే వస్తుంది. బాత్‌రూమ్‌కూ, కాన్ఫరెన్స్ హాలుకూ చక్కటి వస్తువు. ఎండకు దాదాపు ఉపయోగం లేదు. పైగా తేటగా ఉండాలంటే కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉండాలి. కరెంటు పోయినప్పుడు మా కిటికీ తెల్లబడిపోవడం అందుకే.

ఎలక్ట్రోక్రోమిక్. ఇదీ వేడి ఆపే అసలు రకం. టంగ్‌స్టన్ ఆక్సైడ్ పొరలోకి కొన్ని వోల్టుల కరెంటుతో అయాన్లను నెడితే అది నీలంగా ముదురుతుంది, వెనక్కి లాగితే తేటపడుతుంది. ఈ గుణాన్ని 1969లో లోకానికి చూపించినవారిలో ముఖ్యుడు భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త సత్యేన్ దేబ్. బోయింగ్ 787 ఎక్కినవాళ్ళు చూసే ఉంటారు, కిటికీకి లాగే షట్టర్ ఉండదు, బటన్ నొక్కితే అద్దం ముదురుతుంది. అదీ ఈ కుటుంబానిదే. ఇళ్ళకు పెట్టే మంచి రకాల్లో ఎస్‌హెచ్‌జీసీ తేటగా ఉన్నప్పుడు 0.4 దగ్గర, పూర్తిగా ముదిరినప్పుడు 0.1 దగ్గర ఉంటుంది. రంగు మారేటప్పుడే కరెంటు ఎక్కువగా తీసుకుంటుంది. మారడానికి పెద్ద అద్దానికి నిమిషాలు పడుతుంది, లైటులా టక్కున జరగదు.

థర్మోక్రోమిక్. వైర్లుండవు, స్విచ్ ఉండదు. అద్దం వేడెక్కితే దానంతట అదే ముదురుతుంది. వెనాడియం డయాక్సైడ్ అనే పదార్థం 68 డిగ్రీల దగ్గర గుణం మారుస్తుంది, దాన్ని ఇంకా తక్కువ వేడికే మారేలా చేయడానికి పరిశోధనలు జరుగుతున్నాయి. కొన్ని పాలిమర్ రకాలు విదేశాల్లో అమ్ముతున్నారు. మన చేతిలో పగ్గం ఉండదు, అదొక్కటే నాకు నచ్చనిది.

మరి ఎలక్ట్రోక్రోమిక్ పెట్టించుకోవాలా? మన రెండు కిటికీలు కలిపి 32 చదరపు అడుగులు. చదరపు అడుగు రెండు వేలకే దొరికిందనుకున్నా, నిజానికి అంత తక్కువకు దొరకడం కష్టం, 64 వేలు. ఏడాదికి మిగిలేది ఎనిమిది వందలు. అసలు తిరిగి రావడానికి 80 ఏళ్ళు. అద్దం అన్నాళ్ళు ఉండదు, మనమూ ఉండం.

ఈ లెక్క తిరగబడే ఇళ్ళు ఉన్నాయి. హైదరాబాద్ పడమటి వైపు కోకాపేట, నానక్‌రామ్‌గూడల్లో ముప్పై, నలభై అంతస్తుల టవర్లలో హాలు గోడంతా అద్దమే. పది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తున్న పడమటి అద్దం ఎనిమిది చదరపు మీటర్లు దాటుతుంది. మామూలు తెల్లద్దమైతే నాలుగు వేల వాట్లు, టన్ను ఏసీ మొత్తం దానికే సరిపోదు. ఆ ఎత్తులో గాలికి బయట తెరలు నిలవవు. అక్కడ 0.25 ఉన్న లో-ఈ అద్దంతో అది 1,250 వాట్లకు దిగుతుంది. ఎలక్ట్రోక్రోమిక్‌తో 500కి. ఒక చిన్న ఏసీతో సరిపెట్టుకోగలగడం, ఊరు కనిపించే కిటికీకి పగలంతా కర్టెన్ మూయకుండా ఉండటం, ఈ రెండింటికి మీరెంత వెల కడతారన్నదే ప్రశ్న. కేవలం కరెంటు ఆదా కోసమైతే నేను లో-ఈ దగ్గరే ఆగుతాను.

తీసుకోవాలనే అనుకుంటే ఇవి కాగితం మీద రాయించుకోండి: రెండు స్థితుల్లో ఎస్‌హెచ్‌జీసీ, పూర్తిగా ముదరడానికి పట్టే సమయం, కరెంటు పోతే అద్దం ఏ స్థితిలో ఉంటుంది, కంట్రోలర్ చెడిపోతే విడిగా దొరుకుతుందా, వారంటీ అద్దానికి ఎన్నేళ్ళు, ఎలక్ట్రానిక్స్‌కు ఎన్నేళ్ళు. రెండూ ఒకటి కావు. వైరు ఫ్రేములోంచి పోవాలి కాబట్టి ప్లాస్టరింగ్‌కు ముందే ప్రతి కిటికీకీ ఒక పైపు వేయించండి. ఇప్పుడు కాకపోయినా తర్వాత మోటారు తెరకైనా పనికొస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు ఆ పైపు ఖర్చు ఏపాటిది, తర్వాత గోడ చెక్కితే తెలుస్తుంది.

## ఆరో అడుగు: కిటికీకి టైమ్‌టేబుల్ పెట్టండి

ఎంత మంచి తెర ఉన్నా నాలుగింటికి గుర్తొచ్చి దింపితే గది అప్పటికే కాలి ఉంటుంది. వేసవిలో మా ఇంట్లో నడిచే పద్ధతి ఇది. పొద్దున ఆరింటికి అన్ని కిటికీలూ బార్లా. ఎనిమిదిన్నరకల్లా అన్నీ మూత, తూర్పు తెరలు కిందికి. పన్నెండున్నరకు తూర్పు తెరలు పైకి, పడమటివి కిందికి. ఎండ పడక ముందే దింపడం ముఖ్యం. సూర్యాస్తమయం తర్వాత బయట లోపలికంటే చల్లబడిందని చిన్న థర్మామీటర్ చెప్పాకే మళ్ళీ తెరుస్తాం. హైదరాబాద్‌లో ఇది చాలా రోజులు రాత్రి తొమ్మిది, పదికి జరుగుతుంది. మా దగ్గర మే రాత్రుల్లో ఉక్క వల్ల కొన్నిసార్లు తెల్లవారుజాము దాకా ఆగాలి. ఏసీ నడుస్తుంటే తెరవకండి, తేమంతా లోపలికొచ్చి ఏసీ మళ్ళీ మొదటి నుంచి కష్టపడుతుంది.

ఇంట్లో పగలు ఎవరూ ఉండకపోతే మోటారు తెర నిజంగా పనికొస్తుంది. టైమర్ చాలు, ఫోన్ యాప్ తప్పనిసరి కాదు. ఎండ సెన్సార్ ఉంటే మబ్బు రోజున తెర దానంతట అదే పైకి పోతుంది. బయటి తెరకు గాలి సెన్సార్ మాత్రం తప్పకుండా పెట్టించండి, ఈదురుగాలి రాగానే చుట్టుకుపోవాలి. లేకపోతే మోటారు, తెర రెండూ ఒకే సాయంత్రం పోతాయి.

తెరలు కుదిరాక ఏసీని 24 నుంచి 26కి మార్చి ఫ్యాన్ వేసి చూడండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. కాలే అద్దం పక్కన పడుకుంటే 22 కూడా చాలదు, ఒంటి మీదికి వేడి కొడుతూనే ఉంటుంది. అద్దం, గోడ చల్లగా ఉంటే 26 హాయిగా ఉంటుంది. కిటికీ నీడ ఇచ్చే లాభంలో ఇది నా రెండో అడుగు లెక్కలోకి రాని వాటా. మా ఇంట్లో ఎక్కువ తేడా ఇక్కడే కనిపించింది.

## ఏడో అడుగు: మీటరు చూడండి

పోయిన ఏడాది బిల్లుతో పోల్చకండి. ఆ ఏడు ఎండ వేరు, ఇంటికొచ్చిన చుట్టాలు వేరు. ఏసీకి యూనిట్లు చూపించే 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ పెట్టండి, లేదా రోజూ ఒకే వేళకు మీటరు రీడింగ్ రాయండి. ఒక వారం తెర లేకుండా, మరుసటి వారం తెరతో, మళ్ళీ తెర లేకుండా, మళ్ళీ తెరతో, ఇలా నాలుగు వారాలు. ఏసీ సెట్టింగ్ మార్చకూడదు. ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత పక్కన రాసుకుని దాదాపు ఒకే వేడి ఉన్న రోజులను మాత్రమే పోల్చండి. వాన పడిన రోజులు కొట్టేయండి. ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పండి, లేకపోతే తెర లేని వారంలో మా ఆవిడలాగే మూడో రోజుకే ఎవరో ఒకరు వెళ్ళి తెర దింపేస్తారు.